బడి నుంచి ఫోను వస్తే ఇంట్లో భయం పోవాలి

(శ్రీకాకుళం జిల్లా పలాసలో జరిగిన ఉపాధ్యాయుల సమావేశంలో ఒక ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు చేసిన ప్రసంగమిది. ఆ రోజు రాలేకపోయిన వారు చదువుకోవడానికి వీలుగా రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలు ఖాళీగా ఉన్నాయి. వెనకున్న మాస్టార్లు దయచేసి ముందుకు రండి. ఫ్యాన్ల చప్పుడులో నా మాట అంతదూరం వినబడదు.

తల్లిదండ్రులతో మంచి సంబంధం పెంచుకోవడానికి ఫోనునూ ఆన్‌లైన్ సాధనాలనూ ఎలా వాడుకోవాలో చెప్పమన్నారు. సరే, చెబుతాను. ముందు మీరొక పని చేయండి. మీ తరగతి తల్లిదండ్రులకు పోయిన నెలలో మీరు పంపిన సందేశాలు ఫోనులో ఉంటాయి కదా, ఒకసారి తెరిచి చూడండి. ఇప్పుడే చూడండి, నేను ఆగుతాను.

చూశారా? ఏమున్నాయి? ఆధార్ జిరాక్సు పంపండి. బ్యాంకు పాసుపుస్తకం పంపండి. రేపు సెలవు. మీ అబ్బాయి ఇవాళ రాలేదు. మీ అమ్మాయికి మార్కులు తగ్గాయి. అంతేనా? ఇంకేమైనా ఉన్నాయా? అన్నీ అవసరమైన సందేశాలే, ఒక్కటీ పంపకుండా ఉండలేం. కానీ అవతల వాటిని అందుకునే తల్లి సంగతి ఆలోచించండి. ఏడాది పొడవునా బడి నుంచి ఆమెకు రెండు రకాల మాటలే వచ్చాయి. ఏదో ఒకటి తెమ్మనడం, ఏదో ఒకటి బాగాలేదనడం. అందుకే మన నంబరు కనబడగానే ఆమె గుండె జారిపోతుంది. ఫోను ఎత్తి మొట్టమొదట ఏమంటుంది? "ఏమైంది టీచర్ గారూ, మావాడు ఏం చేశాడు?" అంటుంది. ఈ మాట విననివారు ఈ గదిలో ఉన్నారా? చేయెత్తండి. లేరు కదా.

ఆ మొదటి మాట మారాలి. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఒక్క మాట కోసమే.

విద్యాహక్కు చట్టం మనందరికీ తెలుసు. 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధుల గురించి. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశం కావాలి, హాజరు గురించీ, నేర్చుకునే శక్తి గురించీ, నేర్చుకోవడంలో సాధించిన ప్రగతి గురించీ వారికి తెలియజేయాలి అని ఉంది. హాజరు సంగతి మనం చెబుతున్నాం. మరి ప్రగతి? పిల్లవాడు నిన్నటికంటే ఇవాళ ఒక మెట్టు ఎక్కాడని ఎప్పుడు చెప్పాం? చట్టం రెండూ చెప్పమంది. మనం సగమే చెబుతున్నాం.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా తల్లిదండ్రుల మెగా సమావేశం జరిగింది. మీ బడుల్లోనూ జరిగింది కదా. ముగ్గులు వేశాం, తల్లులు వచ్చారు, తండ్రులు వచ్చారు, పిల్లల ప్రగతి పత్రాలు చేతికిచ్చి మాట్లాడాం. అలాంటి రోజు కావాలి, నాకు ఎంతో నచ్చింది. కానీ అలాంటి రోజులు ఏడాదికి ఎన్ని వస్తాయి? మిగిలిన రోజుల్లో ఆ తల్లికీ మనకూ మధ్య ఉన్నది ఈ ఫోనే. కాబట్టి ఇందులోంచి ఏం వెళుతోందన్నది చిన్న విషయం కాదు.

మరి ఏం పంపాలి? కొందరు నాతో అన్నారు, మేడమ్, మేం మంచి మాటలు కూడా పంపుతున్నాం అని. చూపించమంటే చూపించారు. "మీ అబ్బాయి బాగా చదువుతున్నాడు." "గుడ్." ఒక పువ్వు బొమ్మ. ఆ మాటే ఇంకో నలభై మందికి కూడా వెళ్లింది. ఇది మంచి కబురేనా? ఆ తల్లికి కొత్తగా ఏం తెలిసింది? ఏమీ తెలియలేదు. తన బిడ్డను టీచర్ చూశారన్న నమ్మకం ఆ మాటలో లేదు.

ఇప్పుడు నేనొక వాయిస్ మెసేజ్ చెబుతాను, వినండి. మా బడిలో లెక్కల టీచర్ పంపినది, ఆమెను అడిగే చెబుతున్నాను. "నమస్తే అమ్మా. నేను మీ పాప లెక్కల టీచర్‌ని. కంగారు పడకండి, మంచి కబురే. ఇవాళ భిన్నాల దగ్గర తరగతంతా ఆగిపోయింది. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అంటే అందరూ నాలుగో వంతే అన్నారు. మీ పాప బోర్డు దగ్గరికి వచ్చి రెండు చపాతీలు గీసి, ఒకటి మూడు ముక్కలు, ఇంకొకటి నాలుగు ముక్కలు చేసి అందరికీ చూపించింది. సాయంత్రం అడగండి, మీకూ గీసి చూపిస్తుంది. ఉంటానమ్మా." అంతే. అర నిమిషం కూడా పట్టలేదు.

ఇందులో ఏముందో గమనించారా? ముందుగా ఎవరు మాట్లాడుతున్నారో చెప్పారు. వెంటనే కంగారు పడవద్దన్నారు. ఆ మాట తప్పనిసరి, మరిచిపోకండి, మొదటి కొన్ని సార్లయినా చెప్పండి. తర్వాత తరగతిలో నిజంగా జరిగిన ఒక్క సంగతి చెప్పారు, కళ్లకు కట్టినట్టు చెప్పారు. చివర ఇంట్లో తల్లి చేయగలిగిన పని ఒకటి అప్పగించారు. ఆ తల్లికి భిన్నాలు రాకపోవచ్చు. రానవసరం లేదు. పాపను అడిగితే చాలు. ఆ రాత్రి ఆ ఇంట్లో చదువు గురించి తిట్లు లేని మాట ఒకటి నడిచింది. మనకు కావలసింది ఇదే కదా?

అయితే ఇక్కడొక కష్టం ఉంది. అలాంటి కబురు పంపాలంటే ముందు మనం ఆ పిల్లను చూసి ఉండాలి. మన బదులు ఫోను చూడదు. తరగతిలో చురుకైన అయిదారుగురి గురించి ఎప్పుడంటే అప్పుడు చెప్పగలం. అల్లరి చేసే నలుగురి గురించీ చెప్పగలం. మధ్యలో ఉన్నవాళ్ల మాట ఏమిటి? అల్లరి చేయరు, చేయెత్తరు, అడిగింది రాస్తారు, గంట కొట్టగానే వెళ్లిపోతారు. వాళ్ల గురించి ఏం చెప్పగలం?

మా బడిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. రోజుకు నలుగురు. అంతకంటే ఎక్కువ వద్దు. నలభై మంది ఉన్న తరగతిలో రెండు వారాల బడి రోజుల్లో అందరికీ ఒక వరుస పూర్తి కావాలి. ఒక చిన్న నోటుపుస్తకంలో పిల్లల పేర్లన్నీ రాసుకుని, ఎవరి గురించి కబురు పంపామో వారి పేరు పక్కన ఆ సంగతిని ఒక ముక్కలో రాస్తాం. 'చపాతీ, భిన్నాలు', అంతే. రెండు వారాలు గడిచాక ఆ పుస్తకం తెరిస్తే కొన్ని పేర్ల పక్కన ఖాళీ కనబడుతుంది. ఆ ఖాళీ పిల్లవాడి లోపం కాదు సుమండీ. మన చూపు అక్కడికి పోలేదని అర్థం. మర్నాడు తరగతిలో అడుగుపెట్టగానే మన కళ్లు వాళ్లనే వెతుకుతాయి. మూడో బెంచీ చివర కూర్చునే అబ్బాయి పక్కవాడి పెన్సిలు చెక్కి ఇస్తున్నాడని అప్పుడు తెలుస్తుంది. నోరు విప్పని అమ్మాయి అక్షరాలు అచ్చు వేసినట్టు రాస్తుందని అప్పుడు తెలుస్తుంది. తల్లిదండ్రుల కోసం మొదలుపెట్టిన పని ఇది, పిల్లల వైపు మన చూపును మార్చింది. ఈ పద్ధతికి నేనిచ్చే విలువంతా దీనికే.

ఇక, కబురును రాసి పంపాలా, మాట్లాడి పంపాలా? మన జిల్లాలో నేనైతే మాట్లాడి పంపమనే అంటాను. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో స్త్రీల అక్షరాస్యత సుమారు 52 శాతం. అప్పటి విజయనగరం జిల్లాలో 50 శాతం లోపే. ఆ తర్వాత పెరిగే ఉంటుంది, కాదనను. అయినా మన పిల్లల తల్లుల్లో, ముఖ్యంగా ఇంటి దగ్గర పిల్లలను చూసుకుంటున్న అమ్మమ్మల్లో, నాయనమ్మల్లో చదవలేనివారు ఇప్పటికీ ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. చదవలేని మనిషికి రాసి పంపితే ఏమవుతుంది? ఆ పిల్లవాడి చేతే చదివించుకుంటుంది. వాడి గురించి మనం రాసింది వాడే చదివి వినిపిస్తాడు. ఏం చదువుతాడో, ఏం వదిలేస్తాడో వాడిష్టం.

ఈ పలాసలో ఇంకో సంగతి కూడా ఉంది. మన తల్లుల్లో ఎంతోమంది జీడి ఫ్యాక్టరీల్లో పనిచేస్తారు. పిక్కలు కొట్టే చేతులు ఎలా ఉంటాయో చూశారు కదా. పెంకులోని నూనె తగిలి నల్లబడతాయి, తోలు ఊడుతుంది. ఒక తల్లి నాకు తన వేళ్లు చూపించి, టీచర్ గారూ, ఈ వేలు ముద్ర ఫోను కూడా గుర్తుపట్టదు అన్నారు. ఆమె మన సందేశానికి జవాబు టైపు చేయాలని ఎదురుచూడటం న్యాయమా? మాట్లాడి పంపమంటే పంపగలరు. అదీ పని దిగి ఇంటికొచ్చి స్నానం చేశాకే. మధ్యాహ్నం పంపి, రెండు గంటల్లో జవాబు రాలేదని, ఈవిడకు బిడ్డ మీద శ్రద్ధ లేదని మనం తీర్పు చెప్పకూడదు.

మాట సంగతి వచ్చింది కాబట్టి గిడుగు రామమూర్తి గారిని తలుచుకోవాలి. ఈ జిల్లావారే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. కొండల్లోని సవరల భాషను పట్టుబట్టి నేర్చుకున్నారు, వాళ్ల పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేశారు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. ఆ గడ్డ మీద ఉద్యోగం చేస్తూ మనం వాట్సాప్‌లో ఏం రాస్తున్నాం? "విద్యార్థుల తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా..." ఎవరు మాట్లాడతారండీ ఈ భాష? ఇంట్లో ఎవరితోనైనా ఇలా అంటామా? ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఇళ్లలో ఒడియా మాట్లాడతారు. మందస, మెళియాపుట్టి కొండ గ్రామాల్లో సవర మాట్లాడతారు. మనకు ఆ భాష రాకపోతే వచ్చిన టీచర్ చేతో, పెద్ద తరగతి విద్యార్థి చేతో రెండు ముక్కలు చెప్పించి పంపండి. పెద్ద పిల్లల చేత మంచి కబుర్లు మాత్రమే చెప్పించాలి. ఇంటి సంగతులు వాళ్ల చెవిన వేయకూడదు.

పుస్తకాల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటున్నాయి కదా. ఇంగ్లీషు మీడియం వచ్చాక మాకేం తెలుస్తుందని వెనక్కి తగ్గిన తల్లిదండ్రులకు ఆ తెలుగు పేజీ ఫోటో తీసి పంపండి. రేపు చెప్పబోయే పాఠం ఇదీ అనండి. క్యూఆర్ కోడ్ ఎలా స్కాన్ చేయాలో ఈసారి వాళ్లు బడికి వచ్చినప్పుడు వాళ్ల ఫోనులోనే చేసి చూపించండి. సందేశంలో వివరిస్తే ఎవరికీ అర్థం కాదు.

ఆ నంబరు ఎవరిది?

మన రిజిస్టర్లో ఉన్న నంబరు ఎవరిదో ఎప్పుడైనా అడిగారా? చేర్చుకునేటప్పుడు తండ్రి నంబరు రాసుకుంటాం. తండ్రి ఎక్కడున్నాడు? హైదరాబాద్‌లో తాపీ పనిలో ఉన్నాడు. చెన్నైలో ఉన్నాడు. తీర గ్రామాలవారైతే గుజరాత్‌లో వెరావల్ దగ్గర పడవ మీద ఉన్నాడు. మీ అబ్బాయి ఇవాళ రాలేదని అక్కడికి సందేశం వెళితే ఆయన ఏం చేయగలడు? అక్కడినుంచి ఇంటికి ఫోను చేసి కేకలు వేస్తాడు. ఇక్కడ ఇంట్లో గొడవ. మన సందేశం చేసిన మేలు ఇదా?

అందుకని ప్రతి పిల్లవాడికీ రెండు నంబర్లు కావాలి. రోజూ ఇంట్లో ఉండే మనిషిది ఒకటి, దూరంగా ఉన్న మనిషిది ఒకటి. హాజరు, సెలవు, ఆరోగ్యం ఇంట్లో మనిషికి చెప్పండి. దూరంగా ఉన్న తండ్రికి ప్రగతి చెప్పండి. ఆయనకు దక్కనిది అదే.

వెరావల్‌లో పనిచేసే ఒక తండ్రి ఉన్నారు. వేటకు వెళితే సముద్రం మీద రోజుల తరబడి సిగ్నల్ ఉండదు. ఒడ్డుకు వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారే వస్తాయి. మా తెలుగు టీచర్ ఆయన కూతురు పాఠం చదువుతుంటే కాసేపు రికార్డు చేసి పంపారు. ముందు తన మాట రెండు ముక్కలు, తర్వాత పాప గొంతు. కొన్నాళ్ల తర్వాత ఆయన ఫోను చేశారు. "మేడమ్, అది మా పాపేనా? అంత గట్టిగా చదువుతోందా?" అని మళ్లీ మళ్లీ అడిగారట. పడవలో ఉన్న మన ఊరివాళ్లందరికీ వినిపించారట. తర్వాత తల్లిదండ్రుల సమావేశానికి ఆయన వీడియో కాల్‌లో వచ్చారు. కూతురు ఫోను పట్టుకుని తరగతి గది అంతా తిప్పి చూపించింది. సమావేశం రోజున దూరంగా ఉన్నవారికి ఇలా ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు కేటాయించలేమా? ముందు రోజు సమయం చెప్పి ఉంచితే చాలు.

స్మార్ట్‌ఫోను లేని ఇళ్లు ఉన్నాయి. కీప్యాడ్ ఫోనుకు మామూలుగా కాల్ చేయండి, అదే కబురు చెప్పండి. అసలు ఫోనే లేకపోతే చీటీ రాసి పంపండి. ఈ ప్రాంతంలో 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కరెంటు స్తంభాలు, కొబ్బరి చెట్లు, జీడి తోటలు ఎలా పడిపోయాయో మీకు నేను చెప్పక్కరలేదు. ఫోన్లన్నీ మూగబోయాయి. కాబట్టి నోటీసు బోర్డును, ఊళ్లో కబురు చేరవేసే మనిషిని వదులుకోకండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజుల్లో సెలవు అంటూ దొంగ సందేశాలు తిరుగుతాయి. బడి గ్రూపులో వచ్చిందే నిజం అన్న నమ్మకం ముందునుంచే ఉండాలి. అలా ఉండాలంటే ఆ గ్రూపులో మనం ఎప్పుడూ వచ్చినదల్లా ఫార్వర్డ్ చేసి ఉండకూడదు.

గ్రూపు మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం గట్టిగానే చెబుతాను. రాని పిల్లల పేర్లు గ్రూపులో పెట్టకండి. మార్కుల పట్టిక గ్రూపులో పెట్టకండి. ఎవరు ఏ కాగితం ఇవ్వలేదో గ్రూపులో పెట్టకండి. ఒక బడిలో తక్కువ మార్కులు వచ్చినవారి జాబితా ఎర్రగీత గీసి పెట్టారు. అందులో ఒక తల్లి మర్నాడు గ్రూపు నుంచి వెళ్లిపోయారు, ఆ ఏడాది బడి గడప తొక్కలేదు. ఊరంతా చూసే చోట బిడ్డ పరువు పోతే ఏ తల్లి నిలబడుతుంది? పొగడ్త అయినా గ్రూపులో పదే పదే ఒకే పిల్లవాడి పేరు రాకూడదు. గ్రూపు అందరికీ సంబంధించిన సంగతులకే. ఒక బిడ్డ సంగతి ఆ బిడ్డ ఇంటికే.

ఇంకొకటి. మామూలు వాట్సాప్ గ్రూపులో చేర్చగానే ప్రతి తల్లి నంబరూ మిగతా అందరికీ కనబడుతుంది. తెలియని మగవాళ్ల నుంచి రాత్రిపూట సందేశాలు వస్తున్నాయని తల్లులు చెప్పుకోలేక గ్రూపులోంచి తప్పుకుంటారు. మనం వాళ్లకు ఆసక్తి లేదనుకుంటాం. వాట్సాప్‌లో కమ్యూనిటీ అనే ఏర్పాటు ఉంది. దానిలోని ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరివి ఒకరికి కనబడవు, అడ్మిన్‌కే కనబడతాయి. అది వాడండి. ఒకే సందేశం అందరికీ విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ జాబితా కూడా మంచిదే, కానీ మన నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే అది చేరుతుంది. అందుకే సమావేశానికి వచ్చినప్పుడు మన నంబరు వాళ్ల ఫోనులో ఎక్కించి పంపండి. పిల్లల ఫోటోలు, వీడియోలు పెట్టేముందు తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది. చట్టం లేకపోయినా అడగడం మర్యాద.

మరి చెడు కబురు ఎలా చెప్పాలి? సందేశంలో వద్దు. ఫోను చేసి మాట్లాడండి, లేదా రమ్మనండి. ముందు అడగండి, తర్వాత చెప్పండి. ఒక అబ్బాయి ప్రతి వారం అవే రోజుల్లో మానేస్తున్నాడు. "ఎందుకు పంపడం లేదు?" అని అడిగితే జ్వరం అని జవాబు వచ్చేది. క్లాసు టీచర్ ఒకరోజు ఇంకోలా అడిగారు: "అమ్మా, బాబు రాని రోజుల్లో మీకు ఇంటి దగ్గర ఏమైనా ఇబ్బందిగా ఉంటోందా?" అప్పుడు తెలిసింది. వాళ్లది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతపు ఊరు, తాతకూ ఆ జబ్బే. తల్లి ఆయనను డయాలసిస్‌కు తీసుకువెళ్లే రోజుల్లో చిన్న చెల్లెలిని చూసుకోవడానికి వాడు ఇంట్లో ఉండిపోతున్నాడు. ఆ చెల్లెలిని అంగన్‌వాడీలో కూర్చోబెట్టే ఏర్పాటు చేశారు, కొంతవరకు తీరింది, పూర్తిగా తీరలేదు. కానీ ఆ ఇంటినుంచి నిజం వచ్చింది. ఎందుకు వచ్చింది? అంతకుముందు ఆ టీచర్ ఆ అబ్బాయి గురించి మూడు మంచి కబుర్లు పంపి ఉన్నారు. ఆమె నంబరు చూసి ఆ తల్లి భయపడలేదు.

అడిగిన ప్రశ్నలు

రాత్రి పదింటికి కూడా ఫోన్లు వస్తున్నాయి, మాకూ ఇల్లుంది కదా అని ఆ టీచర్ గారు అడుగుతున్నారు. న్యాయమైన మాట. సమయం మొదటి రోజే చెప్పండి. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర వరకు అని చెప్పండి, ఆ గంటన్నర తప్పకుండా జవాబివ్వండి. అత్యవసరమైతే ఎప్పుడైనా కాల్ చేయమనండి. నేను చూసినంతవరకు, చెప్పిన వేళకు జవాబు వస్తుందని నమ్మకం కుదిరితే తల్లిదండ్రులు వేళకాని వేళ చేయరు. వీలైతే బడి పనికి వేరే సిమ్ పెట్టుకోండి, ముఖ్యంగా మహిళా ఉపాధ్యాయులు.

ఏకోపాధ్యాయ పాఠశాల, అయిదు తరగతులు ఒక్కడినే చూడాలి, రోజుకు నలుగురు ఎలా అంటున్నారు మాస్టారు. మీరు రోజుకు ఒక్కరికి పంపండి. మీ బడిలో ఇరవై మందే కదా, నెల తిరిగేసరికి అందరి ఇళ్లకూ చేరుతుంది. పెద్ద బడుల్లో ఉన్న మాకంటే మీరే మీ పిల్లలను బాగా ఎరుగుదురు.

తండ్రి తాగి వచ్చి ఫోనులో తిడితే? మాట పెంచకండి, రేపు మాట్లాడదామని చెప్పి పెట్టేయండి. వెంటనే ప్రధానోపాధ్యాయులకు చెప్పండి. ఆ ఇంటితో తర్వాత మాట్లాడేది మీరొక్కరే కాకూడదు, పాఠశాల యాజమాన్య కమిటీలో తల్లి ఒకరు పక్కన ఉండాలి. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టంలో పెట్టింది ఇలాంటి వాటికి కూడా పనికొస్తుంది.

ఇంక సమయం లేదంటున్నారు. భోజనాలయ్యాక ఇక్కడే కూర్చుందాం. మీ తరగతి పేర్ల పట్టిక, ఒక నోటుపుస్తకం తెచ్చుకోండి. ముందు ఏ నంబరు ఎవరిదో సరిచూద్దాం. తర్వాత తలా ఒక పిల్లవాడి గురించి వాయిస్ మెసేజ్ రికార్డు చేసి, పక్కవారికి వినిపించి, అప్పుడు పంపుదాం. చురుకైనవాళ్ల పేర్లు తీసుకోకండి. ఇప్పటివరకు మీకు గుర్తుకు రాని పేరే తీసుకోండి.